గోడ తాగిన నీళ్లు ఎటు పోవాలి?

సంక్రాంతి దగ్గరపడుతుంటే ఇంటికి రంగులు వేయించడం మన అలవాటు. ఆ అలవాటు సున్నం కాలంలో పుట్టింది. నానబెట్టి వడకట్టిన సున్నంలో నీలిమందు, కాస్త జిగురు కలిపి రెండు పూతలు కొడితే పండగనాటికి ఇల్లు తెల్లగా మెరిసేది. కార్తీకంలో కురిసిన వాన ఇంకా గోడలోనే ఉన్నా సున్నానికి ఇబ్బంది లేదు. అది తడి గోడనే బాగా పట్టుకుంటుంది, లోపలి చెమ్మను తన గుండానే బయటికి పోనిస్తుంది. ఇప్పుడు అదే తేదీకి, అదే తడి గోడ మీద అక్రిలిక్ ఎమల్షన్ పడుతోంది. ఉగాది దాటి ఎండలు ముదిరేసరికి పొక్కులు లేస్తాయి. ఆ తర్వాతి వానలకు పెచ్చులుగా రాలతాయి. ఇంటివాళ్లు రంగును తప్పుపడతారు, పెయింటరు ప్లాస్టరింగును అంటాడు, మేస్త్రీ ఇసుకను అంటాడు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అయితే భవన నిర్మాణ ప్రమాణాలు, పరిశోధనలు, పనివాళ్ల అనుభవం పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. బయటి గోడను చెడగొట్టేవి ప్రధానంగా రెండు: కదలిక, నీళ్లు. పగులు ఇంకా కదులుతోందా, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, వచ్చినవి ఎటు పోతాయి అన్నవి తేలకుండా వేసిన పూత ఎంత ఖరీదైనదైనా నిలవదు. మార్కెట్లో దొరికే సలహాల్లో చాలా భాగం ఈ ప్రశ్నలను దాటేసి నేరుగా డబ్బా దగ్గరికి వెళుతుంది. అక్కడే మన డబ్బు పోతోంది.

పగులు నడక

భారత ప్రమాణాల సంస్థ 1984లో భవనాల పగుళ్ల మీద ఒక కరదీపిక ప్రచురించింది. ఎస్‌పీ 25 అని దాని పేరు. పగుళ్లకు కారణాలు, నివారణ గురించి మన దేశ పరిస్థితులకు సరిపోయేలా రాసిన పుస్తకాల్లో నేటికీ దాన్ని మించింది అరుదు. అందులో 1 మిల్లీమీటరు లోపున్నవి సన్నవి, 1 నుంచి 2 మిల్లీమీటర్లవి మధ్యరకం, 2 దాటినవి వెడల్పువి అని విభజన ఉంది. కొలతకు అది పనికొస్తుంది. కానీ కారణం తెలియాలంటే వెడల్పు కంటే పగులు నడక చూడాలి. ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, ఏ చివర వెడల్పుగా ఉంది అన్నవే అసలు ఆనవాళ్లు.

గోడంతా సాలెగూడులా అల్లుకున్న సన్నని గీతలు ప్లాస్టరింగు సొంతవి. అవి ఇటుకలోకి వెళ్లవు. పిల్లరూ గోడా కలిసే చోట సూటిగా నిలువునా దిగిన గీత రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు వేర్వేరుగా సాగడం వల్ల వచ్చింది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా బయల్దేరినది, అక్కడ ఒత్తిడి పోగుపడుతుందనీ లింటెల్ పక్కలకు చాలినంత లోపలికి పోలేదనీ చెబుతుంది. సన్‌షేడ్ అంచు వెంటో, పిల్లర్ పొడవునో తిన్నగా సాగి గోధుమరంగు మరక కార్చే పగులుకు కారణం లోపలి కమ్మి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పైన ఉన్న కాంక్రీటు విచ్చుకుంటుంది. దాని మీద పుట్టీ రాయడం జబ్బును కనిపించకుండా చేయడమే.

డాబా ఇళ్లలో పై అంతస్తున, స్లాబుకు సరిగ్గా కింద, గోడ పొడవునా అడ్డంగా పోయే పగులు చాలామందిని భయపెడుతుంది. దాని లెక్క సులువు. కాంక్రీటు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు సాగుతుంది. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ స్లాబు వేడిలో 25 డిగ్రీల తేడా ఉంటే 10 మీటర్ల స్లాబు రోజూ రెండున్నర మిల్లీమీటర్ల దాకా పెరిగి తరగాలని చూస్తుంది. ఇటుక గోడ అందులో సగం కూడా కదలదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో ఏళ్ల తరబడి ఈ పెనుగులాట సాగితే మధ్యలో ఉన్న సిమెంటు అతుకు తెగక తప్పదు. దీనికి మందు గోడలో కంటే డాబా మీద ఎక్కువ ఉంది. పైన తెల్లటి కూల్ రూఫ్ పూతో తెల్ల పలకలో వేస్తే స్లాబు కాగడం తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఇంట్లో ఉక్కపోత, కరెంటు బిల్లు తగ్గించే ఉద్దేశంతో వచ్చింది. స్లాబు కింది పగుళ్లు శాంతించడం దాని వల్ల కలిగే అదనపు మేలు. ఆ పగులును మాత్రం గట్టి సిమెంటుతో పూడ్చకూడదు. సాగే సీలెంటుతో నింపి, దాన్నొక అతుకుగానే వదిలేయాలి.

నల్లరేగడి

గుంటూరు, పల్నాడు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల్లో గోడల చర్చ నేల దగ్గర మొదలవ్వాలి. నల్లరేగడిలోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. చైత్ర వైశాఖాల్లో చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుకునేది ఇందుకే. ఇంటి కింద నడిమి నేల నీడలో తేమగానే ఉంటుంది. అంచుల్లో నేల ఎండకు కుంగుతుంది, వానకు లేస్తుంది. పునాది దానితోపాటు ఊగుతుంది. గోడలో ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా పగులు పడుతుంది. అది మే నెలలో విచ్చుకుని, వినాయక చవితి నాటికి సగం మూసుకుంటుంది.

ఇలా రుతువులతో కదిలే పగులును ఎండాకాలంలో, పూర్తిగా విచ్చుకున్నప్పుడు గట్టి సిమెంటు కూరి మూస్తే వానాకాలంలో గోడకు మూసుకునే చోటు ఉండదు. కొత్తగా పక్కన మరోచోట పగులుతుంది. ఇల్లు కట్టేటప్పుడే దీనికి జవాబు ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తు ఉన్న అండర్ రీమ్డ్ పైల్స్ పద్ధతిని అభివృద్ధి చేసింది. రుతువులకు చలించే పొర దాటి సుమారు మూడున్నర మీటర్ల లోతుకు వెళ్లి పునాదిని నిలబెట్టడం దాని సూత్రం. ఇప్పటికే కట్టేసిన ఇంటికి చేయగలిగింది నేలలో తేమ హెచ్చుతగ్గులు తగ్గించడం. ఇంటి చుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పున బయటికి వాలు ఉన్న గచ్చు వేయాలి. స్నానాల గది నీళ్లు గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా పంపాలి. గోడను ఆనుకుని ఉన్న పెద్ద చెట్ల సంగతి ఆలోచించాలి. ఏళ్లనాటి చెట్టును ఒక్కసారిగా కొట్టేస్తే అది అన్నేళ్లు పీల్చిన తేమ నేలలో నిలిచిపోయి నేల ఉబ్బుతుంది కాబట్టి ఆ పని కూడా తొందరపడి చేసేది కాదు.

పగులు కదులుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. రెండు చివరలా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ రాయాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను రెండు కొసలా అంటించి వదిలేసినా చాలు, కదిలితే అది విరుగుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూస్తే స్పష్టత వస్తుంది. ఇంటి యజమానికి ఆ ఓపిక కష్టమని తెలుసు. కానీ ఏటా అదే పగులు పూడ్పించే ఖర్చుతో పోలిస్తే ఈ ఎదురుచూపు చవక. తలుపులు బిగిసిపోతున్నా, పగులుకు రెండు పక్కలా గోడ ఎగుడుదిగుడుగా మారినా, నెలనెలా వెడల్పు పెరుగుతున్నా ఎదురుచూడకూడదు. వెంటనే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి. అక్కడ మేస్త్రీ, పెయింటరు చేయగలిగింది లేదు.

మేస్త్రీ చేతిలో

ప్లాస్టరింగు సొంత పగుళ్ల విషయంలో మన ఊళ్లలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: సిమెంటు ఎంత ఎక్కువ పోస్తే గోడ అంత గట్టి. ఈ నమ్మకాన్ని ఎంత గట్టిగా ఖండించినా తప్పులేదు. సిమెంటు పాలు పెరిగేకొద్దీ ఆరేటప్పుడు పూత ఎక్కువ ముడుచుకుంటుంది. వెనక ఉన్న ఇటుక కంటే పూత బలంగా ఉంటే, ముడుచుకునేటప్పుడు అది తానైనా చీలుతుంది లేదా ఇటుక ముఖాన్ని పట్టుకుని ఊడివస్తుంది. పైపూత ఎప్పుడూ కిందిదాని కంటే కాస్త బలహీనంగా ఉండాలన్నది ప్లాస్టరింగులో మూలసూత్రం. మామూలు ఎర్ర ఇటుక బయటి గోడకు ఒకటికి నాలుగు, ఒకటికి అయిదు పాళ్లు చాలు. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడకైతే ఒకటికి ఆరు కంటే గట్టిగా వద్దు. అందులో కాస్త సున్నం కలిపితే ఇంకా మంచిది. ఈ బ్లాకులను ఇటుకల్లా నీళ్లలో నానబెట్టడం కూడా తప్పే. అవి తాగిన నీరు ఆరేటప్పుడు బ్లాకే ముడుచుకుంటుంది.

ఇసుక సంగతి. నదీ ఇసుక దొరకడం, కొనడం కష్టమయ్యాక రోబో సాండ్ మన పనుల్లోకి వచ్చింది. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. ప్లాస్టరింగు కోసం ప్రత్యేకంగా జల్లించి కడిగిన రకం బాగానే పనిచేస్తుంది. చిక్కంతా క్రషర్ దుమ్మును ఆ పేరుతో అమ్మినప్పుడు, కాంక్రీటుకు ఉద్దేశించిన రకాన్ని గోడకు వాడినప్పుడు వస్తుంది. మెత్తని దుమ్ము ఎక్కువైతే నీళ్లు ఎక్కువ పడతాయి, పోసిన నీళ్లు ఆవిరయ్యాక గీతలు పడతాయి.

పని తీరులో రెండు అలవాట్లు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పూత త్వరగా బిగుసుకోవాలని తడి ప్లాస్టరింగు మీద పొడి సిమెంటు చల్లి చెక్కతో రుద్దడం మొదటిది. పైన పలచటి, అతిగా గట్టి పొర ఏర్పడి అది సాలెగూడు పగుళ్లుగా విడిపోతుంది. పొద్దున కలిపిన మాలును మధ్యాహ్నం దాకా నీళ్లు చిలకరించుకుంటూ వాడటం రెండోది. కలిపిన రెండు గంటల్లో వాడేయకపోతే సిమెంటు పట్టు సగం పోయినట్టే. ఆపైన క్యూరింగ్. ఏడు రోజులు తడపాలని పుస్తకం చెబుతుంది. రెండో రోజు సాయంత్రానికే బకెట్ పక్కన పడేసిన పనులు మనకు కొల్లలు. పడమటి గోడకు మే నెల మధ్యాహ్నం ప్లాస్టరింగు చేసి నీళ్లు కొట్టకపోతే ఏ పాళ్లూ దాన్ని కాపాడలేవు. పిల్లరూ గోడా కలిసే చోటుకు, పైపుల కోసం గోడ తొలిచిన చోటుకు ఇరువైపులా తగినంత వెడల్పున చికెన్ మెష్ బిగించి పూత వేయడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని.

అసలు బయట ప్లాస్టరింగే ఎందుకు అని అడిగినవాళ్లూ ఉన్నారు. తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ జీవితమంతా పూతలేని ఇటుక గోడలు కట్టారు. పూత ఖర్చు ఒక్కసారితో పోదని, తర్వాత ఏళ్లకేళ్లు రంగులూ మరమ్మతులూ మోయాలని ఆయన వాదం. మంచి ఇటుక, చేయి తిరిగిన తాపీ మేస్త్రీ ఉన్నచోట అది నిలిచే మాట. మన ఇటుక బట్టీల నాణ్యత ఊరూరికీ మారుతుంది కాబట్టి దాన్ని అందరికీ సూత్రంగా చెప్పలేం.

చౌడు

గోడ కింది రెండు మూడు అడుగుల్లో రంగు పొక్కి, కింద తెల్లటి పొడి తేలి, వేలితో గీస్తే ప్లాస్టరింగు రాలిపోవడం దాదాపు ప్రతి వీధిలోనూ కనిపించే దృశ్యం. ఇక్కడ దోషి నీళ్లతో పాటు ప్రయాణించే ఉప్పు. నేలలోంచి, ఇటుకలోంచి, కలపడానికీ తడపడానికీ వాడిన బోరు నీళ్లలోంచి లవణాలు గోడలోకి చేరతాయి. నీళ్లు గోడ ముఖం దాకా వచ్చి ఆవిరవుతాయి. ఉప్పు మిగిలిపోయి స్ఫటికాలు కడుతుంది. స్ఫటికాలు పైన ఏర్పడితే తెల్లని పొడి, అది చూడ్డానికి బాగోదు గానీ పెద్ద హాని చేయదు. రంగు పొర దారి మూసి ఆవిరి బయటికి పోలేకపోతే, ఆ స్ఫటికాలు రంగు వెనక, ప్లాస్టరింగు లోపలే పెరుగుతాయి. అప్పుడు గోడ లోపలి నుంచి పగిలిపోతుంది.

కొన్ని ఉప్పులు మరీ ప్రమాదకరం. సోడియం సల్ఫేటు 32 డిగ్రీల అటూ ఇటూగా రూపం మారుతుంది. నీళ్లు పట్టి రెండో రూపం ధరించినప్పుడు దాని పరిమాణం మూడింతలు దాటుతుంది. మన వాతావరణంలో ఆ మెట్టును గోడ రోజూ దాటుతుంటుంది. మామూలు ఉప్పు స్వభావం వేరు. గాలిలో తేమ 75 శాతం దాటితే అది గాలి నుంచే నీళ్లు లాక్కుని కరిగిపోతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రపు గాలి తగిలే గోడలు వాన లేని రాత్రిళ్లు కూడా చెమ్మగిల్లేది ఇందువల్లే.

చౌడు పట్టిన గోడను నీళ్లతో కడగడం మనవాళ్లు తరచూ చేసే పని. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది, ఆరాక తిరిగి వస్తుంది. పొడి బ్రష్‌తో రాల్చి, రాలిన పొడిని ఎత్తి పారేయాలి. ఆ తర్వాత నీళ్ల రాకను వెతకాలి. పాత ఇళ్లలో పునాది మీద తేమను అడ్డే పొర లేకపోవడం ఒక కారణం. దానికంటే ఎక్కువగా కనిపించే కారణం వీధిలో ఉంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో వీధి మట్టం పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది. తేమ పొర మట్టిలో కూరుకుపోయింది. ఎంత మంచి ఇల్లు కట్టినా గోడ కాళ్లు నీళ్లలో ఉన్నట్టే. పాత రోడ్డును గీకి తీసేసి కొత్త పొర వేయాలన్న డిమాండు ఈ కోణంలో కూడా న్యాయమైనది. ఇంటి వరకు చేయగలిగింది, గోడ చుట్టూ పోగైన మట్టిని తవ్వి తీయడం, తేమ పొర కనిపించేలా కింద ప్లాస్టరింగు కోసేయడం, పొరే లేకపోతే వరుసగా రంధ్రాలు వేసి సిలేన్ సైలాక్సేన్ క్రీము ఎక్కించడం. ప్రహరీ గోడకు రెండు పక్కలా నేలే కాబట్టి దానికి అడుగున రంగు వేయడమే మానేసి రాయి ముఖం వదిలేస్తే మేలని నా అభిప్రాయం.

పై నుంచి వచ్చే నీళ్ల లెక్క ఇంతకంటే సులువు. పిట్టగోడ పైభాగం లోపలికి వాలి ఉందా, సన్‌షేడ్ అడుగున నీళ్లు చుక్కలుగా తెగిపడే గాడి ఉందా, ఏసీ పైపు నీళ్లు గోడ మీద కారుతున్నాయా, పగుళ్లలో రావి మొక్క మొలిచిందా చూడాలి. రావి మొక్కను కోస్తే మళ్లీ చిగురిస్తుంది. ఆ చుట్టూ ప్లాస్టరింగు విప్పి వేరుతో సహా తీయాలి.

పెచ్చు వెనక

రంగు ఎందుకు ఊడిందో తెలుసుకోవడానికి రాలిన పెచ్చునే తిప్పి చూడటం మంచి పద్ధతి. వెనక తెల్లటి సుద్ద అంటి ఉంటే, కింద ఉన్న పాత సున్నం మీదో, సిమెంటు పెయింటు మీదో నేరుగా ఎమల్షన్ వేశారని అర్థం. అక్రిలిక్ పొర ఆరేటప్పుడు బిగుసుకుంటుంది, ఆ లాగుడుకు కింది బలహీనమైన సున్నపు పొర లేచివస్తుంది. మన ఊళ్లలో పాత ఇళ్లకు జరిగే నష్టంలో పెద్ద వాటా దీనిదే. ఎన్నో ఏళ్ల వెల్ల పొరల మీద కొత్త రంగు నిలవాలనుకోవడం అత్యాశ. గోరుతో గీకితే రాలేదంతా గీకి తీసేయాల్సిందే. పెచ్చు వెనక ఇసుక రేణువులు ఉంటే తప్పు బలహీనమైన ప్లాస్టరింగుది. పుట్టీ అంటుకుని వస్తే, పుట్టీ గోడను పట్టుకోలేదు. వెనక శుభ్రంగా, తడిగా ఉంటే చెమ్మ మీద వేశారు.

పుట్టీ గురించి కాస్త చెప్పుకోవాలి. తెలంగాణలో లప్పం అంటారు. లోపలి గోడలు అద్దంలా నునుపుగా ఉండాలన్న మోజు బయటి గోడలకూ పాకింది. బయట వాడదగినది తెల్ల సిమెంటుతో చేసిన పుట్టీ మాత్రమే. అదీ పలచగా రెండు పూతలు, అవసరమైన చోటే. లోపలి గోడల కోసం చేసిన అక్రిలిక్ పుట్టీ వానకు మెత్తబడుతుంది, జిప్సం మరీను. ప్లాస్టరింగు వంకరలను మందపాటి పుట్టీతో సరిచేయడం రెండేళ్లలో ఊడిపోయే పనికి ముందుగానే డబ్బు కట్టడం. ఇసుక ముఖం కనిపించే గరుకు గోడ బయట నిలుస్తుంది, దుమ్మూ వానా తట్టుకుంటుంది, పగులు వచ్చినా పెద్దగా కనబడదు. దాని అందం మనం మర్చిపోయాం.

రంగుల ఎంపికలో అసలు చర్చ గోడను మూసేయాలా, ఊపిరి పీల్చనివ్వాలా అన్నది. జర్మనీలో హెల్ముట్ క్యూంజెల్ ఈ ప్రశ్నను చక్కగా తేల్చారు. పూత ఎంత వాన తాగుతుంది, ఎంత ఆవిరిని బయటికి పోనిస్తుంది అన్న రెండింటినీ కలిపి చూడాలి, ఒకటి బాగుండి రెండోది చెడితే గోడ కాలక్రమంలో తడుస్తూనే పోతుంది అన్నది ఆయన సూత్రం. ఈ కొలతతో చూస్తే సిలికాన్ రెసిన్ రంగులు, సిలికేట్ ఖనిజ రంగులు ముందుంటాయి. సిలికేట్ రంగు కొత్తదేమీ కాదు, అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ 1878లోనే దానికి పేటెంటు పొందారు. అది పొరలా పైన కూర్చోదు, ప్లాస్టరింగుతో రసాయనికంగా కలిసిపోతుంది, అందుకే పెచ్చులు కట్టదు. మన ఊళ్ల షాపుల్లో దొరకడం కష్టం, పాత అక్రిలిక్ పూత మీద పట్టదు. మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ పొడి గోడ మీద, మంచి ప్రైమర్ మీద వేస్తే మన ఇళ్లలో చాలావాటికి సరిపోతుంది. రబ్బరులా సాగే ఎలాస్టోమెరిక్ పూతలు సన్నని పగుళ్లను దాటించగలవు, వాన కొట్టే వైపు గోడకు ఉపయోగం. నేల చెమ్మ ఎక్కుతున్న గోడకు అవి వేస్తే మాత్రం లోపల నీళ్లు బందీ అవుతాయి. వారంటీ కార్డు ముందు పేజీలోని ఏళ్ల సంఖ్య కంటే, వెనక చిన్న అక్షరాల్లో గోడ తేమ గురించి ఉన్న షరతు చదవడం ముఖ్యం.

విప్పి కట్టడం

మరమ్మతు వరస తెలిసిందే, అయినా పాటించేవాళ్లు తక్కువ. ముందు సుత్తి పిడితో గోడంతా తట్టాలి. గుల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీసి, అంచులు సూటిగా కోసి విప్పాలి. దుమ్ము దులిపి, తడిపి, ఎస్‌బీఆర్ లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు పూసి, అది జిగటగా ఉండగానే కొత్త మాలు పెట్టాలి. ఈ పాలు ఆరిపోయాక మాలు పెడితే అది పట్టడం బదులు జారిపోయే పొరగా మారుతుంది. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. కదలని సన్న పగుళ్లను వి ఆకారంలో కొద్దిగా తెరిచి అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ నింపితే చాలు. కదిలే పగులుకు గాడి వెడల్పుగా తెరిచి, అడుగున నురగ తాడు పెట్టి, పైన పాలీయురేతేన్ సీలెంటు నింపాలి. సీలెంటు అడుగున అంటుకోకుండా రెండు పక్కలే పట్టుకోవాలి, అప్పుడే సాగుతుంది. తుప్పు పట్టిన కమ్మి చుట్టూ కాంక్రీటును కమ్మి వెనక దాకా కొట్టి, తుప్పు గీకి, నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తో కట్టాలి. కమ్మి సన్నబడిపోయి ఉంటే ఇంజినీరు చూడాల్సిందే.

కొత్త ప్లాస్టరింగు క్షారం తగ్గి ఆరడానికి నాలుగు వారాలు పడుతుంది. గోడ పొడిగా ఉందో లేదో చూసేందుకు ఒకటిన్నర అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని అంచులన్నీ టేపుతో మూసి గోడకు అంటించి, ఒక రాత్రి పైగా, కనీసం పదహారు గంటలు ఉంచితే చాలు. లోపలి వైపు నీటి బిందువులు కడితే రంగు వాయిదా వేయాలి. పాత రంగు గీకేటప్పుడు ముక్కుకు మాస్కు, నేలకు పట్టా తప్పనిసరి. ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసే నిబంధనలు మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని పొడి సాండింగ్ చేస్తే ఆ దుమ్ము ఇంట్లోని పసిపిల్లల దాకా చేరుతుంది.

డంగు సున్నంతో, కరక్కాయ, బెల్లం నీళ్లతో కట్టిన పాత మండువా ఇళ్లకు ఈ వరస వర్తించదు. అక్కడ సిమెంటు పూత శత్రువు. మెత్తని సున్నపు గోడ మీద గట్టి సిమెంటు పెంకు కడితే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుక దెబ్బతింటుంది, దూలాల కొసలు కుళ్లుతాయి. సున్నం పగిలితే సున్నమే పెట్టాలి. 1591 నాటి చార్మినార్ ఒక మినారు నుంచి 2019 మే నెలలో గచ్చు ముక్క ఊడి పడినప్పుడు అందరి దృష్టీ ఈ విద్య మీద కాసేపు పడింది. నాలుగు శతాబ్దాల గచ్చుకు సున్నపు పని తెలిసిన చేతులు కావాలి, అలాంటి చేతులు తగ్గిపోతున్నాయి. శిథిలమవుతున్న జమీందారీ భవనాలు, అగ్రహారం ఇళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. సున్నపు పని నేర్పే చోట్లు అన్ని లేకపోవడం బాధ కలిగించే విషయం.

వరద తడిపిన గోడలది మరో లెక్క. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక పైన ఆరినట్టు కనిపించే గోడ లోపల నెలల పాటు తడిగానే ఉంటుంది. అంగుళం మందానికి నెల అన్న పాత లెక్క ప్రకారం తొమ్మిదంగుళాల గోడకు ముప్పావు ఏడాది పట్టవచ్చు. మన ఎండలకు కొంత త్వరగా ఆరినా, తొలి దీపావళికే రంగులు వేయించిన ఇళ్లకు మళ్లీ ఖర్చు తప్పదు. అలాంటి గోడలకు మొదటి ఏడాది సున్నం వేసి ఊరుకోవడమే తెలివైన పని.

రంగు వేసే తేదీ విషయానికి వస్తే, తెలంగాణలో అక్టోబరు మధ్యకు నైరుతి రుతుపవనం వెనుదిరుగుతుంది కాబట్టి డిసెంబరు, జనవరి బాగానే కుదురుతాయి. ఈశాన్య వానలు డిసెంబరు దాకా పడే నెల్లూరు, ప్రకాశం వైపు ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదలు మేలు. పండగకు సింహద్వారం, లోపలి గోడలు చూసుకుని, బయటి గోడలు శివరాత్రి తర్వాతకు పెట్టుకోవచ్చు.

ఒప్పందం విషయంలో ఒక సూచన. గోడ విప్పే పని మేస్త్రీకి, రంగు పెయింటరుకు విడివిడిగా ఇస్తే తర్వాత ఎవరూ బాధ్యత తీసుకోరు. ఇద్దరినీ ఒకే గుత్తేదారు కింద పెట్టి, చదరపు అడుగుకు రంగు ధరతో పాటు గుల్ల విప్పడానికి, పగుళ్లకు, క్యూరింగ్ రోజులకు వేర్వేరుగా ధర రాయించాలి. మొత్తంలో పదో వంతు చేతిలో ఉంచుకుని, మొదటి వానాకాలం గడిచాక, పడమటి గోడా పిట్టగోడా గుత్తేదారుతో కలిసి తట్టి చూసుకుని ఇవ్వాలి.